హ్యాండ్‌బ్రేక్ పైదాకా లేస్తోందా? ముందే కేబుల్ జోలికి పోవద్దు

"అన్నా, అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో పాత కొరోలా కారు కొన్నాను. హ్యాండ్‌బ్రేక్ బాగా పైకి లాగితే గానీ పట్టడం లేదు, బ్రేక్ పెడల్ కూడా లోపలికి పోతోంది. ఇంట్లోనే సరిచేసుకోవచ్చా?"

చేసుకోవచ్చు తమ్ముడూ, కానీ రోగమేదో ముందు తేల్చుకో. బండి ఆపి, ఇంజన్ ఆన్‌లో ఉంచి పెడల్ గబగబా రెండుసార్లు తొక్కు. రెండోసారి పైనే గట్టిగా ఆగితే, వెనక డ్రమ్ముల్లో (చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నెలు) షూకీ (లోపలి నుంచి డ్రమ్ముకు ఒత్తుకుని బండిని ఆపే బ్రేక్ ముక్క) డ్రమ్ముకీ మధ్య సందు పెరిగిందనుకోవచ్చు. స్పాంజిలా మెత్తగా ఉంటే బ్రేక్ ఫ్లూయిడ్ వెళ్లే లైన్లో గాలి చేరినట్టు. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారుతోందా, ఇక ఆ బండి నడపకు, టో చేయించు.

అమెరికా వచ్చిన కొత్తలో నేనూ ఈ పని చేశాను, తప్పుగా. హ్యాండ్‌బ్రేక్ లివర్ కింద, షూలను లాగే కేబుల్ నట్టు బిగించేశాను. లివర్ బ్రహ్మాండంగా పట్టింది. ఫ్రీవే దిగేసరికి కాలిన వాసన, వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి! కేబుల్ షూలను ఎప్పుడూ లాగిపెట్టే ఉంచింది మరి. అందుకే ముందు షూ, తర్వాతే కేబుల్.

చాలా అపార్ట్‌మెంట్లు పార్కింగ్‌లో రిపేర్లు ఒప్పుకోవు, లీజు చూసుకో. గరాజ్ ఉన్న ఫ్రెండ్ ఇల్లు మేలు. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, గేరు పార్క్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ దించేయ్. జాక్ ఒక్కదాన్నే నమ్ముకుని పని చేయకు, జాక్ స్టాండ్ పెట్టాల్సిందే.

ఒహాయోలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి డ్రమ్ము తుప్పుతో అంటుకుపోయి ఉంటుంది. సుత్తి తీయకు. చక్రం విప్పాక చూస్తే డ్రమ్ము ముఖాన రెండు చిన్న మర కన్నాలుంటాయి. వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు కొంచెం ఇది, కొంచెం అది బిగిస్తూ పోతే తనంతట తనే బయటికొస్తుంది. లోపలి దుమ్ము ఊదకు, పాత షూల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడువు. వీల్ సిలిండర్ (పెడల్ తొక్కితే షూలను బయటికి నెట్టే చిన్న గొట్టం) రబ్బరు అంచు మెల్లగా ఎత్తి చూడు, లోపల ఫ్లూయిడ్ కనిపిస్తే అడ్జస్ట్‌మెంట్ ఆపి మెకానిక్‌ని పిలువు. డ్రమ్ము బయట ఉండగా పెడల్ మాత్రం తొక్కొద్దు, పిస్టన్ ఊడి బయటపడుతుంది.

అంతా పొడిగా ఉంటే స్టార్ వీల్‌ని (షూల మధ్య దూరం సర్దే పళ్ల చక్రం) ఒక్కో పన్ను తిప్పుతూ, డ్రమ్ము తొడిగి చేత్తో తిప్పి చూడు. సన్నగా "స్స్..." మని రాసుకుంటూ తేలిగ్గా తిరిగితే చాలు. బరువుగా తిరిగితే రెండు పళ్లు వెనక్కి. రెండో వైపూ అంతే. ఆ తర్వాత కూడా లివర్ ఎక్కువ లేస్తుంటేనే కేబుల్ ముట్టుకో. ఖాళీ పార్కింగ్‌లో మెల్లగా నడిపి, నాలుగైదుసార్లు ఆపి చూశాకే రోడ్డెక్కు.

ఆటోమేటిక్ కదా అని హ్యాండ్‌బ్రేక్ మానేయకు. కొన్ని బండ్లలో అది లాగుతుంటేనే షూలు సర్దుకుంటాయి. బురద మంచులో తిరిగొచ్చిన రాత్రి మాత్రం లాగకు. పొద్దుటికి షూలు డ్రమ్ముకు గడ్డకట్టుకుని బండి కదలదు.