ఆభాలో స్త్రీ, ఆస్పత్రి ఫైల్లో పురుషుడు.. ఏమని రాయించుకోవాలి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ట్రాన్స్ మహిళను, అంటే పుట్టినప్పుడు మగపిల్లాడని రాసినా స్త్రీగా బతుకుతున్నదాన్ని. ఆరేళ్లుగా హార్మోన్లు వాడుతున్నాను, నాలుగేళ్ల కిందట లింగమార్పిడి ఆపరేషన్ కూడా అయింది. ఆధార్‌లో పేరు, లింగం మార్పించుకుని ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు తీసుకున్నాను. కానీ ఎప్పుడూ చూపించుకునే ఆస్పత్రిలో మాత్రం పాత పేరు, పురుషుడు అనే ఉంది. మొన్న ఓపీలో అందరి ముందూ ఆ పేరుతోనే పిలిచారు. హిమోగ్లోబిన్ 12.4 వస్తే రిపోర్టులో ‘తక్కువ’ అని ఎర్రగా వచ్చింది, ఐరన్ మాత్రలు రాశారు. స్త్రీ అని మార్పించుకుంటే సరిపోతుందా? ట్రాన్స్ అని చెప్పాలా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ 12.4 సంగతి చూద్దాం. మగవాళ్లకు 13, గర్భిణులు కాని ఆడవాళ్లకు 12 కంటే తగ్గితే రక్తహీనత అంటాం. ఈ తేడాకు ముఖ్య కారణం టెస్టోస్టిరాన్, అది ఎర్ర రక్తకణాల తయారీని పెంచుతుంది. మీ ఒంట్లో అది ఎప్పుడో తగ్గిపోయింది. హార్మోన్లు మొదలుపెట్టిన కొన్ని నెలలకే హిమోగ్లోబిన్ ఆడవాళ్ల స్థాయికి వచ్చేస్తుంది, కాబట్టి మీకు 12.4 మామూలే. ల్యాబ్ కంప్యూటర్‌కు ఇదంతా ఏం తెలుసు? కౌంటర్లో ‘ఎం’ అని కొట్టారు, అది మగవాళ్ల లెక్కతో పోల్చి ఎర్రగా అచ్చేసింది.

అలాగని ‘ఎఫ్’ అని మార్పిస్తే అన్నీ సర్దుకుంటాయా అంటే, లేదు. మీరు చేయించుకున్న ఆపరేషన్‌లో ప్రొస్టేట్ గ్రంథిని మామూలుగా తీయరు. రేపు యాభై దాటాక మూత్రం సరిగా రావట్లేదని వెళ్తే, ఫైల్లో స్త్రీ అని చూసిన డాక్టరుకు ప్రొస్టేట్ గుర్తుకే రాదు. ఒకవేళ ప్రొస్టేట్ కోసం చేసే పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేయించినా, ఈస్ట్రోజన్ వాడేవాళ్లలో అది సహజంగానే తక్కువ ఉంటుంది కాబట్టి మగవాళ్ల లెక్కలో నార్మల్ అనిపించేది మీకు ఎక్కువే కావచ్చు.

నా ఓపీకి ఒక ట్రాన్స్ పురుషుడు, అంటే ఆడపిల్లగా పుట్టి పురుషుడిగా బతుకుతున్న మనిషి, వచ్చాడు, పొత్తికడుపులో నొప్పి. గర్భాశయం స్కాన్ రాద్దామని చూస్తే, పేషెంట్ పురుషుడు కాబట్టి స్క్రీన్ మీద ఆ పరీక్షే రాలేదు. చివరికి చీటీ మీద చేత్తో రాసి, స్కానింగ్ గదికి నేనే ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. బయట బెంచీ మీద అతను తల దించుకుని కూర్చున్నాడు, పక్కనంతా గర్భిణులు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ బాధ. అమెరికాలో ఇంతకంటే ఘోరం జరిగింది, 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. 32 ఏళ్ల ట్రాన్స్ పురుషుడు కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వచ్చాడు, ఇంట్లో చేసుకున్న ప్రెగ్నెన్సీ టెస్టు పాజిటివ్ అని కూడా చెప్పాడు. రికార్డులో పురుషుడు అని ఉండటంతో బీపీ మందులు ఆపేసిన మనిషిగానే చూశారు. గంటలు గడిచాక గర్భం సంగతి తేలింది, బిడ్డ దక్కలేదు.

తప్పంతా ‘లింగం’ అనే ఒకే గడిలో ఉంది. ఎలా పిలవాలి, తాను ఎవరని అనుకుంటున్నారు, ఒంట్లో ఏ అవయవాలు ఉన్నాయి, ఏ హార్మోన్లు నడుస్తున్నాయి, ఆధార్‌లో ఏముంది, ఇవి వేర్వేరు విషయాలు. ఆభా నంబరు ఇచ్చే మన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, ఆస్పత్రుల కంప్యూటర్లు రికార్డులు పంచుకోవడానికి వాడే ‘ఫైర్’ అనే ప్రమాణంలో లింగం గడికి నాలుగే విలువలు: పురుషుడు, స్త్రీ, ఇతరులు, తెలియదు. అది పరిపాలన అవసరానికి పెట్టిన గడి, చికిత్సకు కాదు. ఆ ప్రమాణాన్ని తయారుచేసే హెచ్ఎల్7 సంస్థే తర్వాత జెండర్ హార్మనీ అనే పని చేపట్టి లింగ గుర్తింపు, పిలవాల్సిన పేరు, వైద్యానికి చూడాల్సిన అంశాలు విడివిడిగా రాసే పద్ధతి ఇచ్చింది. దారి అయితే ఉంది, మన ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్‌లో ఆ గడులు పెట్టించాలి. ఇది డాక్టర్లం మేమే గట్టిగా అడగాలి, పేషెంట్లు కౌంటర్ల దగ్గర కొట్లాడి తెచ్చుకోవాల్సినది కాదు.

ఇక మీరు చేయాల్సింది. విసుగొచ్చి కొత్త పేరుతో కొత్త కార్డు మాత్రం తీసుకోకండి. పాత ఫైల్లో మీ ఆపరేషన్ వివరాలుంటాయి, ఏదైనా మందు పడకపోతే అదీ అందులోనే ఉంటుంది, కొత్త కార్డు తీసుకుంటే వాటితో లింకు తెగిపోతుంది. పాత నంబరు అలాగే ఉంచి పేరు, లింగం మార్చమని మెడికల్ రికార్డ్స్ విభాగంలో అర్జీ ఇవ్వండి, ఆధార్ కాపీ జతచేయండి. ఆభాకు పాత రికార్డులు కలిపేటప్పుడు మొబైల్ నంబరుతో పాటు పేరు, లింగం, పుట్టిన సంవత్సరం కూడా సరిచూస్తారు, అవి కలవకపోతే మీ ఫైలు దొరకకపోవచ్చు. అందుకని ఇది ముందు చేయించండి. తర్వాత మీ డాక్టరుతో కేస్ షీట్ మొదటి పేజీలోనే రాయించండి: ట్రాన్స్ మహిళ, ఫలానా ఆపరేషన్ అయింది, ప్రొస్టేట్ ఉంది, ఫలానా హార్మోన్ ఇంత డోసు. గడి లేకపోయినా ఈ నాలుగు ముక్కలు చాలు.

చెప్పాలా అంటే, చికిత్స చేసే డాక్టరుకు చెప్పండి. కౌంటర్లో చెప్పాల్సిన పని లేదు. మీ భయం ఊరికే వచ్చింది కాదని నాకు తెలుసు. నిజాం కాలంలో, 1919లో, హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలని చట్టమే చేశారు, దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో. పేరు ఎక్కడ రాస్తారో అని వణికిన మనుషుల బాధ అది. ఆభాలోని రికార్డు మీ అనుమతి లేనిదే ఇంకో ఆస్పత్రికి వెళ్లదు, ఏవి చూపించాలో, ఎంతకాలమో మీరే ఎంచుకోవచ్చు. అడగగానే ‘ఓకే’ నొక్కేయకండి, చదివి నొక్కండి.

మీరు ఏ హార్మోన్ వాడుతున్నారో రాయలేదు. మెడికల్ షాపులో దొరికే గర్భనిరోధక మాత్రలైతే రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, వెంటనే ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) కలిసి మార్పించుకోండి. ఒక కాలి పిక్క వాచి నొప్పి చేసినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా క్యాజువాలిటీకి వెళ్లి ముందు హార్మోన్ మాట చెప్పండి. ఐరన్ మాత్రల గురించి మీ డాక్టరును ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష రాయమని అడగండి. అది నార్మల్ వస్తే ఆ మాత్రలు మీకు అక్కర్లేదు.