చేతికి రాని ఫించ్‌లు, పాట మానిన కెనరీ

ప్రశ్న: ఒక జత జీబ్రా ఫించ్‌లను పెంచుతున్నాను. పంజరంలో చేయి పెట్టగానే రెండూ బెదిరి కమ్మీలకు కొట్టుకుంటున్నాయి. చిలుకలాగా వీటిని కూడా చేతి మీద వాలేలా మాలిమి చేయవచ్చా? ఒక పూట పస్తు ఉంచితే త్వరగా దారికి వస్తాయని కొందరు అంటున్నారు, నిజమేనా?

జవాబు: ఆ పస్తు మాట ముందుగా పక్కన పెట్టండి. జీబ్రా ఫించ్ బరువు సుమారు 12 నుంచి 15 గ్రాములు మాత్రమే. అంత చిన్న శరీరంలో శక్తి నిల్వలు చాలా తక్కువ కాబట్టి, పగటివేళ కొన్ని గంటలు మేత అందకపోయినా ప్రాణం మీదికి రావచ్చు. గింజలు, నీరు ఎప్పుడూ పంజరంలో ఉండవలసిందే. మీ చేతి నుంచి మాత్రమే దొరికే ఇష్టమైన తిండి ఒకటి వేరుగా ఉంటే చాలు, అందుకు కొర్రల కంకిని మించినది లేదు.

చిలుకతో పోల్చుకోవడం వల్లనే చాలామంది నిరాశపడతారు. ఫించ్‌లు ఒకదాని ఈకలను మరొకటి సవరించుకుంటూ జతతోనే తృప్తిగా ఉంటాయి. మనిషి నిమరడాన్ని అవి కోరుకోవు. పైనుంచి దిగే చేయి వాటికి డేగలాగానే కనిపిస్తుంది. అందుచేత పంజరాన్ని మీ కంటి ఎత్తులో, ఒక వైపు గోడకు ఆనేలా ఉంచి, రోజూ ఒకే వేళకు దగ్గర కూర్చుని, మెల్లగా మాట్లాడుతూ, కంకిని చివర పట్టుకుని కమ్మీల సందులోంచి కింది వైపుగా అందించండి. చేయి కదపకండి. మొదట్లో పిట్ట మెడ సాచి ఒక్క గింజ లాక్కుని వెనక్కి ఎగిరిపోతుంది. కొన్నాళ్లకు అక్కడే నిలబడి, పొట్టు విదిలిస్తూ తింటుంది. అప్పటి నుంచి కంకిని కొద్దికొద్దిగా లోపలికి పట్టుకుంటూ వస్తే, అది మీ వేళ్ల దాకా వస్తుంది. ఈకలు ఒంటికి అతుక్కుని, మెడ నిక్కించి నిలబడితే భయపడుతోందని అర్థం. నోరు తెరిచి రొప్పితే ఆ పూటకు ఆపివేయండి. జతను విడదీస్తే త్వరగా మచ్చికవుతాయన్న సలహాను నేను ఏమాత్రం సమర్థించను, ఎందుకంటే ఆ పక్షి మన దగ్గరికి వచ్చేది ఒంటరితనం భరించలేకనే.

తప్పనిసరిగా పట్టుకోవలసి వస్తే గదిలో వెలుతురు తగ్గించి, రొమ్మును నొక్కకుండా అరచేతిలో వదులుగా పట్టుకోండి. పక్షులకు రొమ్ము కదిలితేనే ఊపిరి ఆడుతుంది.

ప్రశ్న: బాగా పాడే మగ కెనరీ రెండు వారాలుగా పాట మానేసింది. పాటల రికార్డు వినిపించి మళ్లీ నేర్పించాలా?

జవాబు: పంజరం అడుగున రాలిన ఈకలు కనిపిస్తున్నాయేమో చూడండి. కెనరీలు ఏటా ఈకలు మార్చుకుంటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టే ఆ కాలంలో మగవి పాడకపోవడం సహజమే. కొత్త ఈకలకు మాంసకృత్తులు కావాలి కనుక ఉడికించిన గుడ్డు కొద్దిగా పెట్టి, అప్పటిదాకా శిక్షణ ఏదీ ఇవ్వకుండా ప్రశాంతంగా ఉండనివ్వండి. రికార్డు మేలు చేసేది ముఖ్యంగా పాట నేర్చుకునే వయసులోని పిల్లలకు. మీ పక్షి పాటను మరిచిపోలేదు, ఈకలు పూర్తిగా వచ్చాక మళ్లీ అందుకుంటుంది. అయితే ఈకలు రాలకుండానే ఒళ్లు ఉబ్బించుకుని, శ్వాసతో పాటు తోక పైకీ కిందికీ ఊగుతూ ఉంటే అది జబ్బు లక్షణం. ఆలస్యం చేయకుండా పశువైద్యులకు చూపించండి.

ప్రశ్న: మచ్చికైన ఫించ్‌ను గదిలో ఎగరనివ్వవచ్చా?

జవాబు: ఎగరనివ్వవచ్చు. ఫ్యాను ఆపి, కిటికీలకు తెరలు వేసి, అద్దాలు కప్పి ఉంచండి. పంజరం తలుపు తెరిచి లోపల కంకి పెడితే చాలావరకు తానే తిరిగి వస్తుంది, తరమకండి. ఆ సమయంలోనే కాదు, ఎప్పుడూ నాన్‌స్టిక్ పాత్రలు మాడనివ్వకండి. వాటి నుంచి వచ్చే పొగ పక్క గదిలో ఉన్న పిట్టను కూడా నిమిషాలలో చంపగలదు.