లామీ 2000 గీరుతోంది, కొనాలా వద్దా?

దుకాణంలో రెండు వాక్యాలు రాసేసరికి లామీ 2000 ఫౌంటెన్ పెన్ను కాగితాన్ని గీరిందని, అయినా దాని రూపాన్ని వదులుకోబుద్ధి కావడం లేదని రాశారు. లోపం పాళీలో కంటే మీరు పెన్ను పట్టుకున్న కోణంలోనే ఉండే అవకాశం ఎక్కువ. 1966లో గెర్డ్ ముల్లర్ రూపొందించిన ఈ పెన్నులో 14 క్యారట్ల బంగారు పాళీ చాలావరకు లోపల దాగి, కొన మాత్రమే కనిపిస్తుంది కనుక, అది కాస్త పక్కకు తిరిగినా కంటికి తెలియదు.

1. పాళీ చీలిక సరిగ్గా పైకి ఉండేలా పట్టుకొని మళ్ళీ రాయండి.

2. చాలామంది వదిలేసే పని ఇది: సంతకంతో సరిపెట్టకుండా, మీరు రోజూ వాడే నోటుపుస్తకాన్ని వెంట తీసుకెళ్ళి, అందులో ఒక పేజీ నిండా తెలుగులోనే రాయండి. ‘ణ’, ‘ఋ’, ‘క్ష’ వంటి అక్షరాల మలుపుల్లో చేయి తెలియకుండానే పెన్నును తిప్పుతుంది. గీరుడు ఆ మలుపుల్లోనే వస్తే అది మీ చేతి అలవాటు, పేజీ అంతటా వస్తే మరో పాళీ చూపించమని అడగండి.

3. మూతను బిగబట్టే రెండు చిన్న లోహపు చెవులు వేళ్ళకు తగులుతున్నాయేమో పేజీ చివర గమనించండి. నాకైతే మూడు రోజుల్లో అలవాటైపోయాయి, కొందరికి ఎన్నటికీ కావు.

ఇందులో సిరా నింపి అమ్మే గొట్టం (కార్ట్రిడ్జ్) పట్టదు, పిస్టన్‌తో సీసాలోంచే సిరా ఎక్కించుకోవాలి. పేజీ పూర్తయ్యాక కూడా చేయి ఇబ్బంది పడుతుంటే కొనకండి.