చిన్నపేగు తీసేశాక టెడుగ్లుటైడ్: జెనరిక్ కోసం ఆగాలా?

ప్రశ్న: మా ఆయన వయసు 48. పేగుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ కట్టడంతో ఎనిమిది నెలల క్రితం చిన్నపేగు చాలావరకు తీసేశారు. 90 సెంటీమీటర్లు మిగిలింది, పెద్దపేగు ఉంది. వారానికి నాలుగు రాత్రులు టీపీఎన్ (పోషకాలను నేరుగా రక్తనాళంలోకి పంపే ద్రవం) ఎక్కిస్తున్నాం. అమెరికాలో ఉండే మా మరిది టెడుగ్లుటైడ్ ఇంజెక్షన్ గురించి చెప్పాడు. దాని ధర విన్నప్పటి నుంచీ టెన్షన్‌గా ఉంది. జెనరిక్ దొరుకుతుందా?
– ఒక సోదరి, కరీంనగర్

జవాబు: అమ్మా, ఇది జన్ ఔషధి షాపులో దొరికే మందు కాదు. అమెరికాలో గాటెక్స్, యూరప్‌లో రెవెస్టివ్ పేరుతో అమ్ముతారు. 2012 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడే ఏడాదికి దాదాపు 2,95,000 డాలర్ల ధర పెట్టారు. అణువు చిన్నదే, 33 అమైనో ఆమ్లాలు. కాబట్టి అక్కడి నిబంధనల ప్రకారం దీనికి బయోసిమిలర్ (పెద్ద ప్రొటీన్ మందులకు వచ్చే నకలు) కాదు, మామూలు జెనరిక్ దారే వర్తిస్తుంది. అయితే వాడేవాళ్లు తక్కువ, తయారీ కష్టం. జెనరిక్ వచ్చినా షుగర్ మాత్రల్లా ధర పడిపోతుందని ఆశ పెట్టుకోవద్దు.

పైగా డోసు కిలో బరువుకు 0.05 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు 3 మిల్లీగ్రాములు చాలు. వయల్‌లో (మందు పొడి ఉండే చిన్న సీసాలో) ఉండేది 5. కలిపాక మూడు గంటల్లోపు వాడాలి, మిగిలింది పారబోయాల్సిందే. మర్నాటికి దాచుకోకూడదు. అంటే రోజుకో వయల్.

పేరు విని షుగర్‌కు, బరువు తగ్గడానికి వాడే ఓజెంపిక్ (సెమాగ్లుటైడ్) లాంటిదే అనుకునేవాళ్లున్నారు. అవి జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌లా పనిచేసే మందులు, ఆకలి తగ్గిస్తాయి. అవి దీనికి బదులు కావు. టెడుగ్లుటైడ్ జీఎల్‌పీ-2 హార్మోన్‌లా పనిచేసి, పేగు లోపలి పొరను పెంచి, పీల్చుకునే శక్తిని పెంచుతుంది. 24 వారాల ప్రధాన పరీక్షలో, రక్తనాళంలోకి ఎక్కించే ద్రవాల (టీపీఎన్, సెలైన్) అవసరం కనీసం 20 శాతం తగ్గినవాళ్లు ఈ మందు తీసుకున్నవారిలో 63 శాతం, మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 30 శాతం. చాలామందికి టీపీఎన్ తగ్గింది కానీ పూర్తిగా ఆగలేదు. మందు మానేస్తే ఆ లాభం కరిగిపోవచ్చు. అందుకే మూడు నెలలకు సరిపడా డబ్బు పోగుచేసి మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు.

ఇంకో మాట. మిగిలిన పేగు తనంతట తాను సర్దుకోవడానికి ఏడాది, రెండేళ్లు కూడా పట్టొచ్చు. పెద్దపేగు ఉండటం మీకు పెద్ద అండ. ఈలోగా మంచినీళ్లు గటగటా తాగించకుండా ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా పట్టించండి. కొబ్బరినీళ్లు దానికి బదులు కావు, వాటిలో సోడియం తక్కువ. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు తినాలి. నూనె తగ్గించండి. పాలకూర, చుక్కకూర, గింజలు తగ్గిస్తే కిడ్నీలో రాళ్ల భయం తగ్గుతుంది. విరేచనాలకు లోపెరమైడ్ డోసు, బీ12 ఇంజెక్షన్ సంగతి డాక్టర్‌తో తేల్చుకోండి.

మందు తప్పదంటే, ముందు ఆరు నెలల్లోపు చేసిన కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) రిపోర్టు ఉండాలి. పాలిప్స్ (పేగు లోపలి పొరపై పెరిగే చిన్న గడ్డలు) ఉంటే తీసేయాలి. పేగు క్యాన్సర్ ఉంటే ఇవ్వరు. పిత్తాశయం, పాంక్రియాస్ రక్తపరీక్షలు కూడా చేయించాలి. గడ్డ కట్టిన మనిషి కాబట్టి రక్తం పలచబడే మాత్రలు వాడుతూ ఉండొచ్చు. ఈ ఇంజెక్షన్‌తో మాత్రలు ఒంటికి ఎక్కువగా పట్టవచ్చు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష విలువ) మారవచ్చు.

ఆన్‌లైన్‌లో 'రీసెర్చ్ పెప్టైడ్' పేరుతో అమ్మే పొడి వయల్స్ ఒంట్లోకి ఎక్కించకండి. సొంత వాడకానికి విదేశాల నుంచి మందు తెప్పించుకోవాలంటే, డాక్టర్ చీటీతో ఫారం 12ఏ దరఖాస్తు పెట్టి, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నుంచి ఫారం 12బీ అనుమతి తీసుకోవాలి. మీ ఆస్పత్రి ఫార్మసీవాళ్లను అడగండి.