శిలీంధ్రమా, శిలీంద్రమా?

సందేహం: గుర్రాలకు వచ్చే తామర, దానికి వాడే యాంటీఫంగల్ మందుల గురించి ఒక కరపత్రం తెలుగు చేస్తున్నాను. 'శిలీంద్రనాశిని' అని రాస్తే, ఒకరు 'శిలీంధ్ర' అని దిద్దారు. ఏది సరి?

సమాధానం: దిద్దినవారిదే ఒప్పు. దకారానికి వత్తు ఉండాలి. ఆ వత్తు ఎగరగొట్టి రాయడం ఈ మధ్య బాగా ఎక్కువైంది.

ఫంగస్ అనే అర్థంలో ఈ మాటకు ఇప్పుడు జబ్బు వాసన అంటుకుంది గానీ, కాళిదాసు చేతిలో ఎంత చల్లగా ఉందో చూడండి. మేఘదూతంలో యక్షుడు మేఘంతో 'కర్తుం యచ్చ ప్రభవతి మహీముచ్ఛిలీంధ్రామవంధ్యామ్' అంటాడు. నీ ఉరుము నేల నిండా పుట్టగొడుగులు మొలిపించి, దాన్ని గొడ్డుపోకుండా చేస్తుంది అని. 'పైకి' అనే అర్థమిచ్చే 'ఉత్' పక్కన చేరగానే శకారం ఛకారమై 'ఉచ్ఛిలీంధ్ర' అయింది. ఆ 'ఉత్'లోనే మట్టిని పగలదీసుకుని పైకి లేచే గొడుగులు కనిపిస్తాయి నాకు. పుట్టగొడుగు లేచిందంటే పంట పండుతుందని శకునం. ఆ ఉరుము విన్న హంసలు లేత తామరతూళ్ళు దారిబత్తెంగా పట్టుకుని కైలాసం దాకా మేఘం వెంట వెళ్తాయి. శిలీంధ్రం, తామర ఒకే శ్లోకంలో! మీ కరపత్రంలోనూ ఆ రెండూ కలిశాయి, కాకపోతే అక్కడ తామర పువ్వు కాదు, వెంట్రుకలు రాలి గుండ్రంగా పొలుసు కట్టే మచ్చ. సంస్కృతంలో దాన్ని దద్రువు అంటారు.

ఇక 'నాశిని'. అది పైరు మీద చల్లే మందు పేరుగా స్థిరపడిపోయింది. గుర్రం ఒంటికి వాడే మైకొనజోల్ షాంపూకీ అదే పేరు పెడితే చదివినవాడు పొలం డబ్బా అందుకునే ప్రమాదం ఉంది. 'శిలీంధ్ర నిరోధక మందు' అనడం మేలని నా అభిప్రాయం. 'యాంటీఫంగల్ మందు' అని ఉంచేసినా కాదనను. 'యాంటీబయాటిక్' అని మాత్రం రాయకండి, దయచేసి. అది బాక్టీరియాను చంపేది, తామర తెచ్చే ట్రైకోఫైటాన్ లాంటి శిలీంధ్రం దానికి లొంగదు. తామరకు ఇంగ్లీషు పేరైన రింగ్‌వార్మ్‌ను 'వలయపు పురుగు' చేసే అనువాదాలూ చూశాను. అందులో పురుగే లేదు!

'శిలీంధ్ర సంక్రమణకు గురైన అశ్వం' ఎందుకండీ? 'తామర అంటుకున్న గుర్రం' అంటే చాలు. ఈ 'అంటు' అనే క్రియలోనే జబ్బు స్వభావమంతా ఉంది. జీను, దాని కింది గుడ్డ, ఒళ్ళు తోమే బ్రష్షు, వీటన్నిటి వల్లా ఇంకో గుర్రానికి అంటుతుంది, తోమే మనిషికీ అంటుతుంది.