హైదరాబాద్‌లో పెట్రోలు ధర ఎందుకు పెరుగుతుంది, ఎప్పటికైనా తగ్గుతుందా?

అంతర్జాతీయంగా ముడి చమురు చవకైనా మన బంకుల్లో ధర ఎందుకు దిగదని అడిగారు. దిగుతుంది, కానీ ముడి చమురు తగ్గిన రోజున కాదు, ప్రభుత్వం తగ్గించాలనుకున్న రోజున. ఇది కోపంతో అంటున్న మాట కాదు. లీటరు లెక్క విప్పి చూడండి.

2024 మార్చి 15న రెండు రూపాయల తగ్గింపు అమల్లోకి వచ్చాక హైదరాబాద్‌లో లీటరు 107.41 రూపాయలు అయింది. అందులో పెట్రోలు అసలు ధర, రవాణా కలిపి సుమారు 55.70. కేంద్రం ఎక్సైజు సుంకం 19.90. డీలరు కమిషను 3.80 దరిదాపు. ఇక్కడికి 79 రూపాయల పైచిలుకు. ఈ మొత్తం మీద తెలంగాణ వ్యాట్, అంటే రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను, 35.2 శాతం, అంటే దాదాపు 28 రూపాయలు. వ్యాట్ ఒక్క పెట్రోలు మీదే పడదు. కేంద్రం వేసిన సుంకం మీదా, డీలరు కమిషను మీదా పడుతుంది. అప్పుడే ఢిల్లీలో లీటరు 94.72. సరుకూ అదే, సుంకమూ అదే. అక్కడ వ్యాట్ 19.4 శాతమే, తేడా దాదాపుగా అంతా దానిదే.

పెరగడం ఎలాగో చూద్దాం. ముడి చమురు ధరను పీపా (బ్యారెల్) లెక్కన చెబుతారు. పీపా అంటే 159 లీటర్లు. డాలరు 84 రూపాయలనుకుంటే, పీపా ధర ఒక డాలరు పెరిగినప్పుడు లీటరుకు 53 పైసలు, వ్యాట్ కలిశాక బంకులో 71 పైసలు. పది డాలర్లు పెరిగితే ఏడు రూపాయలు దాటినట్టే. చమురు కదలకపోయినా రూపాయి పడిపోతే ఇదే జరుగుతుంది: పీపా 80 డాలర్లున్నప్పుడు డాలరు ఒక్క రూపాయి ప్రియమైతే, వ్యాట్‌తో కలిపి లీటరుకు 68 పైసలు. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే కాబట్టి దీన్నుంచి తప్పించుకోలేం. చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. విశాఖలో శుద్ధి చేసి పైపులైనులో మన దాకా పంపిన పెట్రోలుకు కూడా విదేశీ మార్కెట్లో తయారైన పెట్రోలు పలికే ధరే ఆధారం. అందుకే ముడి చమురు నిలకడగా ఉన్నా, విదేశాల్లో రిఫైనరీలు ఆగి పెట్రోలుకు కొరత వస్తే ఇక్కడ అసలు ధర పెరుగుతుంది.

తగ్గే దారిలోనే అడ్డు ఉంది. 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా ముడి చమురు కుప్పకూలింది. ఆ కాలంలో కేంద్రం ఎక్సైజును తొమ్మిదిసార్లు పెంచి లీటరు పెట్రోలు మీద 11.77 రూపాయలు అదనంగా తీసుకుంది. రాష్ట్రం కూడా 2015లో వ్యాట్‌ను 31 నుంచి 35.2 శాతానికి పెంచింది. 2020లో కరోనా వచ్చి చమురు మళ్లీ పడిపోతే మార్చిలో 3 రూపాయలు, మేలో ఒకేసారి 10 రూపాయలు సుంకం పెరిగింది. 2025 ఏప్రిల్‌లో మరో 2 రూపాయలు. ఈ చివరి రెండుసార్లూ బంకు ధర పెరగలేదు, నిజమే. కానీ మనకు రావలసిన తగ్గింపు అక్కడే ఆగిపోయింది.

2017 జూన్ 16 నుంచి ధర రోజూ ఉదయం 6 గంటలకు మారాలన్నది పద్ధతి. ఆచరణ వేరు. 2021 నవంబరు 4 నుంచి, మధ్యలో అయిదు రాష్ట్రాల ఎన్నికలు ముగిసేదాకా, ధర కదల్లేదు. 2022 మార్చి 22 నుంచి 16 రోజుల్లో 14 సార్లు పెరిగి హైదరాబాద్‌లో 119.49కి చేరింది. మే 22న కేంద్రం సుంకం 8 రూపాయలు తగ్గిస్తే 109.66కి దిగింది. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు కదలిక లేదు. పెట్రోలు అమ్మే కంపెనీలు ముడి చమురు ప్రియంగా ఉన్నప్పుడు భరించిన నష్టాన్ని చవకైనప్పుడు పూడ్చుకున్నాయి. 2024 తగ్గింపు వచ్చింది లోక్‌సభ ఎన్నికల షెడ్యూలుకు ముందురోజు.

సుంకం తగ్గుతుందన్న పుకారు వస్తే కొన్ని బంకుల్లో స్టాకు లేదని ఎందుకంటారో కూడా తెలుసుకోండి. డీలరు సరుకుకు ముందే డబ్బు కడతాడు. 20 వేల లీటర్లు భూమిలోని ట్యాంకులో ఉండగా తెల్లవారేసరికి లీటరుకు 9.83 తగ్గితే 1,96,600 రూపాయలు పోయినట్టే. అందుకే పుకారు వినగానే లోడు చెప్పడం ఆపేస్తారు. ధర పెంచడం మాత్రం వాళ్ల చేతిలో లేదు. 2024 జనవరి 2న ట్యాంకర్ల డ్రైవర్ల సమ్మెకు నగరమంతా కిలోమీటర్ల కొద్దీ క్యూలు కట్టినా, బోర్డు మీది ధర పైసా కదల్లేదు.

జీఎస్టీలోకి తెస్తే? సుంకం, వ్యాట్ రెండూ తీసేసి, పైన చెప్పిన అసలు ధర, కమిషను మీద 40 శాతం వేసినా లీటరు 83 రూపాయల చిల్లరే అవుతుంది. రాజ్యాంగం దీనికి దారి ఉంచింది, జీఎస్టీ మండలి తేదీ సిఫారసు చేయాలంతే. లీటరుకు 28 రూపాయలు వచ్చే ఆదాయాన్ని ఏ రాష్ట్రమూ తనంతట తాను వదులుకోదు కాబట్టి దగ్గర్లో ఆశ పెట్టుకోకండి. పెట్రోలులో కలిపే ఇథనాల్ మీద అసలే పెట్టుకోవద్దు: 2024-25లో మొక్కజొన్న ఇథనాల్ సేకరణ ధరే లీటరు 71.86, పైగా దాని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే.

కాబట్టి తగ్గుతుందా లేదా అంచనా వేయాలంటే ముడి చమురు ఒక్కటే చూస్తే సరిపోదు. డాలరు ధర, ఎన్నికల తేదీలు, బడ్జెట్లో సుంకం రాబడి, ఈ మూడూ కలిపి చూడండి. ఈలోగా చేతిలో ఉన్నది కొంతే. ఆంధ్రలో 31 శాతం వ్యాట్‌కు తోడు లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి ఉన్నాయి. విజయవాడ వెళ్లేవాళ్లు కోదాడ దాటకముందే ట్యాంకు నింపుకోండి. బీదర్ నుంచి వచ్చేవాళ్లు సరిహద్దు దాటకముందే అక్కడ పోయించుకోండి, కర్ణాటక వ్యాట్ 2024 జూన్‌లో పెరిగాక కూడా 29.84 శాతమే.