తిరుపతిలో చదువుతూ రీసెర్చ్: మొదటి మెట్టు మీ చేలోనే ఉంది

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. రెండెకరాల చెనక్కాయ చేను ఉంది. అమ్మాయి తిరుపతిలో డిగ్రీ రెండో ఏడాది, బోటనీ మేజర్. మన పంటల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. అవి పెద్ద ఊళ్ల వాళ్ల పనులు, ఇక్కడ చేస్తే విలువుండదు, బీఈడీలో చేర్పించు అంటున్నారు బంధువులు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ‘విలువుండదు’ అన్న మాట సంగతి చూద్దాం. 1970ల మధ్యలో కాళహస్తి చుట్టుపక్కల వేరుశెనగ కాయలు నల్లబడి, ఎదగకుండా పోయాయి. కారణం మట్టిలో ఉండే, కంటికి కనపడని నులిపురుగు. ఆ తెగులును ఈనాటికీ కాళహస్తి తెగులనే పిలుస్తారు. దాన్ని తట్టుకునే రకాన్ని తయారుచేసింది తిరుపతి పరిశోధనా కేంద్రమే, ఆ రకం పేరు కూడా కాళహస్తే. నారాయణి, ధరణి రకాలూ ఇక్కడివే. ఆ జబ్బు ఉన్నచోట కూర్చోకుండా దాని మీద పని చేయడం ఎవరికైనా కష్టమే.

ఇక బీఈడీ. చదువు చెప్పడం ఇష్టమైతే అది మంచి దారే. భయంతో మాత్రం ఇప్పుడే అటు తోయకండి, రీసెర్చ్ ప్రయత్నించి చూశాక కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది. ముందు అమ్మాయి ఒక చిన్న ప్రయోగం మొదటినుంచి చివరిదాకా తన చేతుల మీద చేసి చూడాలి. ఒక్క పంటకాలం చాలు. రోజూ అదే కొలత, అదే పుస్తకం, అదే తూకం. ఈ విసుగును తట్టుకోగలిగితే రీసెర్చ్ ఆమెకు పడుతుంది. పడకపోతే అయిదేళ్ల పీహెచ్‌డీలో ఇరుక్కోకముందే తెలిసిపోతుంది.

రెండో ఏడాది తర్వాత ఎలాగూ రెండు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. మొదటి ఏడాది తర్వాత చేసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రిపోర్టు చాలామంది ఎలా తయారుచేస్తారో మీకూ తెలిసే ఉంటుంది. సీనియర్ ఫైలు తెచ్చి, ఊరి పేరు మార్చి, జెరాక్స్ షాపులో బైండింగ్ చేయిస్తారు. మార్కులు వస్తాయి, పని రాదు. ఈసారి అలా జరగనివ్వకండి. తిరుపతిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం, వెటర్నరీ యూనివర్సిటీ, ఎస్వీ యూనివర్సిటీ ఉన్నాయి. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ (సైన్స్ చదువు, పరిశోధనల కేంద్ర సంస్థ) ఉన్నాయి. వాన, గాలి లెక్కల మీద ఆసక్తి ఉంటే మీకు దగ్గర్లోనే గాదంకిలో వాతావరణ పరిశోధనాశాల ఉంది. ప్రిన్సిపాల్ సంతకంతో లెటరు, దానితో పాటు ఒకే ఒక్క పేజీ రాసుకుని వెళ్లాలి. ఏ పంట, ఏ ప్రశ్న, ఏ తేదీలు, తనకు ఏం వచ్చు అన్నది ఆ పేజీలో ఉండాలి. ‘ఏ పనైనా చేస్తాను సార్’ అని రాసిన లెటర్లకు జవాబు రాదు.

ఒక చిక్కుంది. ఇంటర్న్‌షిప్ వేసవిలో, వేరుశెనగ విత్తేది జూన్, జూలై వానలకు. అందుకని వేసవి రెండు నెలల్లో మట్టి నమూనాలు, కొలతలు నేర్చుకోవడం చేసి, అసలు ప్రయోగం మీ చేలో వేసుకోవాలి. శని, ఆదివారాల్లో ఇంటికొచ్చి చూసుకోవచ్చు.

ప్రశ్న చిన్నదిగా ఉండాలి. ‘వేరుశెనగ దిగుబడి పెంచడం ఎలా’ అన్నది ప్రశ్నే కాదు. ‘మా చేలో జిప్సం విత్తేటప్పుడు వేస్తే మేలా, పూత సమయంలో వేస్తే మేలా, అసలు అవసరమా’ అన్నది ప్రశ్న. జిప్సం మట్టికి కాల్షియం ఇస్తుంది. వేరు పీల్చిన కాల్షియం నీటితో పాటు ఆకులకు పోతుంది, అక్కడినుంచి కాయకు తిరిగి రాదు. మట్టిలోకి దిగిన ఊడలు, కాయలే పైమట్టిలోంచి దాన్ని నేరుగా పీల్చుకోవాలి. అది చాలకపోతే తాలు కాయలు. అందుకే వేసే సమయం ముఖ్యం.

మూడు పద్ధతులు: జిప్సం లేదు, విత్తేటప్పుడు, 40–45 రోజులకు. ఒక్కో పద్ధతినీ ఏడు వేర్వేరు మడుల్లో, అంటే ఏడుసార్లు వేయాలి, మొత్తం 21 మడులు. మూడుసార్లు చాలదా అంటారు. చాలదు. ఏడుసార్లు వేస్తేనే లెక్కలో పొరపాటుకు 12 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (మడికీ మడికీ మామూలుగా ఉండే తేడాను అంచనా వేయడానికి మిగిలే విడి సమాచారం) మిగులుతాయి. అంతకంటే తగ్గితే నిజంగా తేడా ఉన్నా లెక్క పట్టుకోలేకపోవచ్చు. మడి 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లంటే పది సాళ్లు. దారులతో కలిపి తొమ్మిది సెంట్లు సరిపోతుంది. ఎకరాకు 200 కిలోల లెక్కన మడికి 600 గ్రాముల జిప్సం, పద్నాలుగు మడులకూ కలిపి తొమ్మిది కిలోల లోపే. మడికి ఒక పొట్లం చొప్పున ముందే తూచి పెట్టుకోవాలి, పిడికిళ్లతో కొలిస్తే ప్రయోగం అక్కడే పోయింది.

చేను వాలు ఉన్న వైపుకు అడ్డంగా ఏడు వరుసలు గీయండి. ఒక్కో వరుసలో మూడు మడులు. ఏ మడికి ఏ పద్ధతో చీటీలు వేసి తేల్చండి, వరుస వరుసకూ విడిగా. ‘ఇక్కడ మొక్క బాగుంది, ఇక్కడ వేద్దాం’ అని మనం ఎంచుకున్నామంటే మట్టి బలం జిప్సం ఖాతాలో పడుతుంది.

విత్తే ముందు మట్టి పరీక్ష. ఎనిమిది, పది చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, పక్కనుంచి పలచగా మట్టి తీసి కలపాలి. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగుల్చుకుని నీడలో ఆరబెట్టాలి. గట్లు, చెట్ల కింద, పశువులు కట్టిన చోట్లు వద్దు. సాయిల్ హెల్త్ కార్డులో వచ్చే పన్నెండు అంశాల్లో కాల్షియం లేదు. దాన్ని ల్యాబులో విడిగా అడిగి చేయించుకోవాలి.

కోతలో రెండు పక్కలా ఒక్కో సాలు, రెండు చివరలా అరమీటరు వదిలేయాలి. అంచు మొక్కకు వెలుతురు, చోటు ఎక్కువ దొరుకుతాయి, దాని దిగుబడి మోసం చేస్తుంది. మిగిలిన 7.2 చదరపు మీటర్ల కాయలను మడికో సంచిలో పెట్టి చీటీ ఒకటి లోపల, ఒకటి బయట వేయాలి. బయటి చీటీ ఊడిపోవడం మామూలే. వరసగా రెండు రోజులు తూకం మారనప్పుడే ఎండినట్టు. మడికి 200 గ్రాముల కాయలు ఒలిచి పప్పు తూచాలి, తాలు కాయలు లెక్కపెట్టాలి. మూటల్లో దిగుబడి రాస్తే పనికిరాదు, ఒక్కొక్కరి మూట ఒక్కో తూకం. జిప్సంలో గంధకం కూడా ఉంటుంది కాబట్టి కాయ పెరిగితే ‘జిప్సం వల్ల’ అనే రాయాలి, ‘కాల్షియం వల్ల’ అని కాదు. తేడా రాకపోతే అదీ ఫలితమే, అలాగే రాయాలి. లెక్క కట్టడానికి ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

ఆరోగ్యం వైపు మనసుంటే దారి వేరు. మనుషుల మీద కొలత ఏదైనా ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో రాసిన అంగీకార పత్రం లేకుండా మొదలుపెట్టకూడదు. బీఎస్సీలో ఒంటరిగా ఆ పని వద్దు.

ముందు దారి గురించి ఒక హెచ్చరిక. బోటనీ డిగ్రీతో ఎమ్మెస్సీ అగ్రికల్చర్‌లో చేరడం సాధారణంగా కుదరదు, దానికి బీఎస్సీ అగ్రికల్చర్ కావాలి. ఈ సంగతి మూడో ఏడాదిలో తెలిసి ఏడ్చేవాళ్లున్నారు. ఆమెకున్న దారులు ఎమ్మెస్సీ బోటనీ, బయోటెక్నాలజీ, లేదా ఐఐటీ జామ్ అనే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష రాసి పెద్ద సంస్థలు. నాలుగో ఏడాది ఆనర్స్ కూడా చేసి 75 శాతం తెచ్చుకుంటే ఎమ్మెస్సీ లేకుండానే నెట్ (పరిశోధన ఫెలోషిప్‌కు జాతీయ అర్హత పరీక్ష) రాయొచ్చు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) అదనం. రాకపోతే ప్రాజెక్టు ఉద్యోగాలు దొరుకుతాయి గానీ ప్రాజెక్టు ముగిస్తే అవీ ముగుస్తాయి. ఈ అనిశ్చితి గురించి ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. ఏది చదివినా పక్కన స్టాటిస్టిక్స్ నేర్చుకోమనండి, ఫీల్డు తెలిసి లెక్క కూడా తెలిసినవాళ్లు తక్కువ. ప్రయోగం అయ్యాక డబ్బు కడితే వారంలో వేస్తామనే జర్నళ్ల మెయిల్స్ వస్తాయి. ఒక్క రూపాయి కట్టొద్దు.

మీతో కూడా ఒక పనుంది. నలభై రోజులు దాటాక పక్క మడులు బాగుండి, జిప్సం లేని ఏడు మడులు వెలవెలబోతుంటే మీ చేతులు ఊరుకోవు. కూతురు పంట కదా, నాలుగు పిడికిళ్లు వేద్దామనిపిస్తుంది. ఈ ప్రయోగాలు ఎక్కువగా చెడేది అక్కడే, అడవిపందుల కంటే కూడా. ఆ ఏడు మడుల చుట్టూ ఎర్ర రిబ్బన్ కట్టించి, ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి.